ఎర్రబుగ్గ మీద నా మొదటి న్యాయసలహా

ఇప్పుడంటే ఎవరికే సందేహం వచ్చినా జేబులోంచి ఫోను తీసి చూసుకుంటున్నారు గానీ, మా వయసు రోజుల్లో ఇంట్లో ఒకడు ఏదైనా చదువులో చేరితే చాలు, చేరిన మర్నాటి నుంచే ఆ శాస్త్రానికంతటికీ వాడే జవాబుదారీ అయిపోయేవాడు. మా పక్కింటి అబ్బాయి పశువైద్యంలో చేరిన వారానికే వాళ్ల పెద్దమ్మ మోకాళ్ల నొప్పికి మందు రాయమంది (రాశాడు, తగ్గింది కూడా). అలాగే నేను హనుమకొండలో లా మొదటి సంవత్సరంలో చేరి, పుస్తకాలకింకా అట్టలైనా వేసుకోకముందే, వరంగల్లులో మా బంధువర్గానికంతా వకీలునై కూర్చున్నాను. ఎవరడిగినా తెలియదనేవాణ్ణి కాదు. తెలియదనే మాట వకీళ్లకు నప్పదని అప్పట్లో నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి మొట్టమొదట బలైంది మా మామ, అంటే మా అమ్మకు తమ్ముడు.

మామకు వరంగల్లులో పంపుసెట్ల సామాన్ల దుకాణం ఉండేది. ముప్పై దాటి రెండేళ్లయినా పెళ్లి కాలేదు. మనిషి బంగారం, కానీ పిల్లనిచ్చేవాళ్లు ముందుగా నెత్తి మీది జుట్టు చూసేవాళ్లు, తర్వాత సర్కారు కొలువుందా అని అడిగేవాళ్లు. రెండూ లేవని తేలాక మా ఇంటి చాయ తాగి లేచి వెళ్లిపోయేవాళ్లు. అలా నాలుగు సంబంధాలు తప్పిపోయాక, మా అమ్మ బెంగతో సగమైంది గానీ మామ మాత్రం ఒక సర్కారీ వేలంలో పాత జీపు కొని ఇంటి ముందు నిలబెట్టాడు. పూర్వాశ్రమంలో ఆ జీపు ఏ శాఖలో ఏం వెలగబెట్టిందో తెలియదు గానీ, దాని రేకు టాపు మీద ముందు సీటుకు సరిగ్గా పైన గుప్పెడంత రంధ్రం ఉండేది. అక్కడుండిన ఎర్రలైటును వేలానికి ముందు ఊడబీకి రంధ్రాన్ని మాత్రం మాకు వదిలేశారు. మొదటి వానకే మా అమ్మ నెత్తిన ధార పడింది. ఆ తర్వాత ఆవిడ జన్మలో ముందు సీట్లో కూర్చోలేదు.

రంధ్రం మూయించడానికి మామ జీపును మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన లాగూ జేబులో ఎప్పుడూ బోల్టులు విప్పే పానా ఒకటి ఉండేది కాబట్టి ఊరంతా పానా భాయ్ అనేవాళ్లం. పానా భాయ్ రంధ్రాన్ని చూసి, తన పాత సామాను కుప్పలో చెయ్యిపెట్టి, చిన్న కుండంత ఎర్రబుగ్గ (లైటును మా వైపు బుగ్గ అంటారు) ఒకటి తీసి అందులో బిగించాడు. "రేకు కొడితె తుప్పు పడతది సేఠ్. గిదైతె చుక్క నీళ్లు దిగయి. ఊర్కె ఎందుకుండాలెనని వైరు గుడ కలిపిన" అన్నాడు. స్విచ్చి నొక్కగానే ఆ బుగ్గ లోపల కిర్రుకిర్రుమంటూ తిరిగింది, ఎదురుగోడల మీద ఎర్రటి వెలుగు పరుగులు తీసింది. మామ ముఖం నాకిప్పటికీ కళ్ల ముందుంది. ఐదేళ్ల పిల్లవాడికి గాలిపటం కొనిస్తే అలా ఉంటుంది.

ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చాడు. "అరే అల్లుడా, నువ్వు లా చదువుతాన్నవ్ గదా. గా బుగ్గ మన జీపుకు ఉండచ్చునా? ఎవలన్న పట్టుకుంటరా?"

నిజం చెప్పాలంటే మోటారు వాహనాల చట్టాన్ని నేను అప్పటికి కాలేజీ లైబ్రరీ అద్దాల బీరువా బయట నుంచి చూశానంతే. అయినా కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతుల వేళ్లూ కొసకొసలు ఆనించి (మా లెక్చరర్ అలా చేసేవారు), "మామా, లైటంటే ఏంది? వెలిగేది. వెలగనిది లైటెట్లయితది? నువ్వు వెలిగియ్యనంత సేపు చట్టం కంటికి అది మూత" అన్నాను.

"మూత!" అన్నాడు మామ పరవశంగా. "చదువంటే చదువేరా."

కానీ కోరిక మూతతో ఆగుతుందా. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. జీపు నిలబడి ఉన్నప్పుడు వెలిగించవచ్చా అన్నాడు. నడిస్తేనే వాహనం, నిలబడితే సామాను, సామానుకు మోటారు చట్టం వర్తించదు అన్నాను. ఇంకో వారానికి, మనుషులు లేని అడవి రోడ్డు మీదైతే ఎట్లా అన్నాడు. మనుషులే లేనప్పుడు అభ్యంతరం ఎవరికి అన్నాను. ఇలా ఒక నెలలో మా అరుగు మీద చట్టం పుట్టి, రెండు సవరణలు కూడా పొందింది. ఈలోపు వెలగకుండానే ఆ బుగ్గ తన పని తాను చేసుకుపోయింది. ఎర్రబస్సులు పక్కకు జరిగేవి. రైల్వే గేటు దగ్గర గేటుమన్ లేచి నిలబడి సలాం కొట్టాడు. మొదట్లో మామ సిగ్గుపడి తల తిప్పుకునేవాడు. తర్వాత్తర్వాత స్టీరింగు మీది నుంచి రెండు వేళ్లు లేపి సలాం స్వీకరించడం నేర్చుకున్నాడు. పక్క సీట్లో నేను కూడా వెనకబడకుండా ఒళ్లో ఒక ఫైలు పెట్టుకునేవాణ్ణి. అందులో మామ దుకాణం వాషర్ల క్యాటలాగు ఉండేది.

ఐదో సంబంధం ములుగు దాటాక అడవి అంచునున్న ఒక ఊరి నుంచి వచ్చింది. పిల్ల ఆ ఊరి బడిలోనే టీచరు. ఒకనాటి పొద్దున్నే బయల్దేరాం. మామ కొత్త తెల్ల టెరిలిన్ చొక్కా, నేను ఫైలు, వెనక సీట్లో పండ్ల బుట్టతో మా అమ్మ. ములుగు దాటి మట్టిబాట పట్టగానే మా అమ్మకు అనుమానం వచ్చింది. "తమ్మీ, గా బుగ్గ గిగ్గ వెలిగియ్యకుండ్రి. మనం పిల్లను సూడ పోతానం, దొంగలను పట్ట కాదు" అంది. మామ వినయంగా తలూపాడు. ఊరి ఇళ్లు కనపడగానే నావైపు వంగి, గొంతు తగ్గించి, "ఒక్కపారి వెయ్యి అల్లుడా. మనమెవలమో వాళ్లకు జర ఎర్కగావాలె" అన్నాడు. చుట్టూ చూశాను. టేకు చెట్లు తప్ప ఏమీ లేవు. రెండో సవరణ ప్రకారం సక్రమమే కదా అని స్విచ్చి నొక్కాను.

బుగ్గ కిర్రుమని తిరిగింది. ఎక్కడో చెట్టు మీంచి ఈల వినపడింది. అరక దున్నుతున్నాయన ఎడ్లను చాల్లోనే వదిలేసి పరుగందుకున్నాడు. ఆయన వెనక ఇద్దరు, వాళ్ల వెనక నలుగురు. ఒకాయన తల మీద కుండతో, ఇంకొకాయన భుజం మీద గొడ్డలితో. "చూసినవా, ఎదురు రానీకె ఎట్ల ఉరుకుతాండ్లో!" అన్నాడు మామ. వాళ్లు ఉరికేది మా వైపు కాదనీ, అడవి వైపనీ నాకు కనపడుతూనే ఉంది. చెప్పడానికి మనసొప్పలేదు.

పిల్ల ఇంటి ముందు ఆగాం. అలికి ముగ్గేసిన వాకిలి, పరిచిన కొత్త చాప, పళ్లెంలో అరటిపండ్లు, మూత తీసిన అత్తరు సీసా. మనిషి మాత్రం లేడు. పక్కన సగం కట్టిన కొత్త ఇల్లు, దానికి పచ్చి టేకు దూలాలు. అరుగు మీద ఒక ముసలవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. మేము నోరు విప్పకముందే మొదలుపెట్టింది.

"మాకేం తెల్వది సారూ. గా దూలాలు మాయి గావు. గడ్డివాము కిందున్నయి గుడ మాయి గావు."

మేము గడ్డివాము వంక చూశాం. అప్పటిదాకా చూడనే లేదు.

"అవ్వా, మేం దూలాలకు రాలె, పిల్లను సూడచ్చినం" అంది మా అమ్మ.

అవ్వ కాసేపు ఆలోచించి, "పిల్ల మాదే" అంది.

అప్పుడు లోపలి నుంచి ఆ పిల్ల నీళ్ల చెంబుతో వచ్చింది. మంచి చీర, తలలో పూలు, ముఖంలో మాత్రం పెళ్లిచూపుల సిగ్గు మచ్చుకైనా లేదు. మా అమ్మ చేతిలో చెంబు పెట్టి, "కాళ్లు కడుక్కోండ్రి అమ్మా. మా నాయన అడివిల ఉన్నడు, మీరు ఫారెస్టు రేంజి ఆఫీసరోళ్లనుకొని ఉరికిండు" అని, మామ వైపు తిరిగింది. "ఇది సర్కారు జీపా?"

"కాదు" అన్నాడు మామ.

"మరి ఆ లైటు పెట్టుకోనీకె మీకు పర్మిషనున్నదా?"

మామ నావైపు చూశాడు. వకీలు మీద కక్షిదారు పెట్టుకున్న నమ్మకమంతా ఆ చూపులో ఉంది. నేను గొంతు సవరించుకుని, ఫైలు సర్దుకుని, "చట్టం ప్రకారం అది లైటు కాదండీ. మూత" అన్నాను.

"మూత వెలుగుతదా?" అంది ఆమె.

"ఏ సెక్షన్ల ఉన్నది?" అని కూడా అడిగింది. నా చేతిలోంచి ఫైలు జారి, వాషర్ల బొమ్మలు వాకిలంతా పరుచుకున్నాయి. వంగి ఏరుకుంటూ, ఇంకో రెండు కాయితాలు ఎక్కువ పడి ఉంటే బాగుండేదనుకున్నాను.

ఆమె నవ్వలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "పోయిన వానకాలం మా ఎనక ఇంటామెకు కాన్పు కష్టమైంది. కబురు పోతె దవాఖాన జీపు గిట్లనే ఎర్రలైటు ఏసుకొని వచ్చింది. మా ఊరోళ్లు రెయిడింగనుకొని మనిషికో దిక్కు ఉరికిండ్రు. ఆమె ఇల్లేదో చెప్పనీకె ఒక్కడు లేడు, మంచం ఎత్తనీకె ఒక్క మొగోడు లేడు. నేను, ముగ్గురాడోళ్లం కలిసి మోసినం. దేవుని దయ, తల్లీపిల్లా బతికిండ్రు. అప్పటిసంది ఇంటింటికి తిరిగి చెప్తాన. ఎర్రలైటు కనపడితె ఉరుకద్దు, ఎదురు పోవాలె, ఎవరి పానం కోసం వచ్చిందో అడగాలె అని. ఇప్పుడిప్పుడే జర ఇంటాండ్లు. ఇయ్యాల మీరొచ్చి మళ్ల ఉరికిచ్చిండ్రు."

మా అమ్మ పండ్ల బుట్ట వంక చూస్తూ కూర్చుంది. నేను తలెత్తలేదు. నా అరుగు చట్టంలో రెండు సవరణలున్నాయి గానీ, ఆ మంచం మీది ఆడమనిషి ఎక్కడా లేదు.

మామ నన్ను సలహా అడగలేదు. లేచి, జీపులోంచి పానా తీసుకుని, ఆ తెల్ల చొక్కాతోనే బానెట్టు మీదికెక్కి బోల్టులు విప్పాడు. తుప్పు మరకలు రెండు చేతులకీ, ఛాతీకీ అంటుకున్నాయి. వైరు తెంపి, బుగ్గను తెచ్చి ఆమె ముందు చాప మీద పెట్టాడు. "టీచరమ్మా, తప్పయింది. గిది మీ బళ్లె ఉంచుకోండ్రి. అసలుది వస్తె ఎట్లుంటదో పిల్లలకు చూపియ్యనీకె పనికొస్తది" అన్నాడు. మామ అంత పొడుగు మాట ఏ పెళ్లిచూపుల్లోనూ మాట్లాడగా నేను వినలేదు. ఆమె మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. జుట్టు వంక కాదు, ముఖంలోకే.

తర్వాత పిల్ల తండ్రిని అడవిలోంచి రప్పించే పని మా మీద పడింది. నేనూ మామా చెట్ల దగ్గరికి పోయి, "పెద్దాయనా, మేం రెయిడింగోళ్లం కాదు, పెండ్లిచూపులోళ్లం!" అని అరిచాం. పొదల్లోంచి ఒక గొంతు, "సర్కారోళ్లు గట్లనే అంటరు!" అంది. మామ తన పేరు చెప్పాడు, దుకాణం చెప్పాడు, తాత ముత్తాతల పేర్లు చెప్పాడు. పొద కదల్లేదు. చివరికి మా అమ్మ వచ్చి, "అన్నా, నువ్వు రాకుంటె పండ్లు ఎవల చేతుల పెట్టాలె? ఎండకు నాకు కండ్లు తిరుగుతానయి" అంది. సర్కారోళ్లు అలా మాట్లాడరని నమ్మకం కుదిరిందేమో, పెద్దాయన బయటికి వచ్చాడు. కొత్త పంచె నిండా పల్లేరుకాయలు. వచ్చీ రాగానే, "ఆ దూలాలు..." అని మొదలుపెట్టాడు. "మీయి గావు, అవ్వ చెప్పింది" అన్నాడు మామ.

ఆ రోజు ఏ మాటా చెప్పలేదు వాళ్లు. వారంలో కబురు చేస్తామన్నారు. తిరుగు దారిలో మామ ఒక్కమాటే అన్నాడు: "అల్లుడా, ఆ సెక్షనేదో జర సదువు." మర్నాడు లైబ్రరీకి వెళ్లి బీరువా తాళం తీయించి, నా జీవితంలో మొదటిసారి ఒక చట్టాన్ని మొదటి పేజీ నుంచి చదివాను. రూల్సు కూడా చదివాను. రెండు రోజులు పట్టింది. అనుమతి లేని బండికి అలాంటి లైటు బిగించడమే తప్పనీ, వెలిగించలేదనే వాదన నిలవదనీ తేలింది. అదంతా శుభ్రంగా రాసి, కింద "మీరన్నదే నిజం" అని చేర్చి, టీచరమ్మ పేరిట బడికి పోస్టు చేశాను. పది రోజులకు మామ దుకాణానికి కార్డు వచ్చింది. మీ అల్లుడు రూలు చదివినందుకు సంతోషం, మా నాన్నగారు పెద్దమనుషులతో ఆదివారం వస్తారు, అని రెండే వాక్యాలు. మామ ఆ కార్డును పంపుసెట్ల రసీదుల కింద దాచి, రోజుకోసారి తీసి చదువుకునేవాడు. నేను చూడనట్టు నటించేవాణ్ణి.

అలా టీచరమ్మ మాకు అత్తయింది. నేను నల్లకోటు వేసుకుని నలభై ఏళ్లు కోర్టు మెట్లెక్కి దిగాను, గెలిచినవీ ఓడినవీ చాలా ఉన్నాయి. మొన్న ఒకనాడు మామా అత్తా మా ఇంటికి వచ్చారు. మాటల్లో అత్త, వాళ్ల వీధిలో ఎవరో గోడ జరిపి కట్టారట, అలా కట్టవచ్చా అని అడిగింది. "ఇప్పుడే చెప్పలేనత్తా. కాయితాలు చూసి, రూలు చదివి, రేపు చెప్త" అన్నాను.

అత్త కళ్లద్దాలు పైకి జరుపుకుని నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు వకీలువైనవ్ రా" అంది. మామ పకపకా నవ్వుతూ చాయ ఒలకబోసుకున్నాడు. నేనూ నవ్వాను గానీ, వాళ్లు వెళ్లాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. ఏదీ చదవకుండానే అన్నిటికీ జవాబు చెప్పగలిగిన ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్లవాడు ఎంత హాయిగా నిద్రపోయేవాడో కదా అనిపించింది.