అక్క దాచుకున్న వెన్న

మా అక్కది దర్జీ పని. జాకెట్ల దగ్గర్నుంచి స్కూలు యూనిఫారాల దాకా ఏదైనా కుట్టేది గానీ, పసిపిల్లల బట్టలు మాత్రం ముట్టుకునేది కాదు. అడిగినవాళ్లకు కళ్లు ఆనవని చెప్పి తప్పించుకునేది. సూదిలో దారం మాత్రం చూడకుండానే ఎక్కించేది, మహాతల్లి. అసలు సంగతి నాకు తెలుసు. తొలి కాన్పులో పుట్టిన ఆడపిల్ల పురిట్లోనే పోయింది. పాలు పడ్డాయి, తాగే నోరు లేదు. రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుని ఆ పాలు ఇంకేదాకా ఏడ్చింది.

ఇన్నేళ్లకు అక్క మెడలో గడ్డకు ఆపరేషన్ అయింది. కుట్ల పక్కన పెట్టిన గొట్టంలోంచి సంచిలోకి తెల్లగా, చిక్కగా ఏదో దిగడం మొదలైంది. తిన్న కొవ్వును మోసుకెళ్లే సన్నటి నాళం లోపల తెగిందనీ, కొవ్వు లేని తిండి పెడితే కారడం తగ్గి దానంతటదే పూడుకోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. అక్క ఆ సంచినే చూస్తూ పాలేనంది.

కొవ్వు లేని తిండి మొదలెట్టగానే సంచిలోది నీళ్లలా తేరుకుంది. అంతలోనే మళ్లీ తెల్లబడింది. మనిషేమో చిక్కి సగమైంది. నేనే చాటుగా ఏదో పెడుతున్నానని డాక్టరమ్మ అనుమానంగా చూస్తే, నాకు తిక్క రేగి నర్సులతో పోట్లాడాను. ఆ మధ్యాహ్నం దుప్పటి మారుస్తుంటే దిండు గలీబులో కాగితంలో చుట్టిన వెన్న దొరికింది. నా నోరు ఊరుకుంటుందా, చడామడా తిట్టేశాను.

"తెల్లగా ఉన్నప్పుడే నా పిల్ల దగ్గరికొస్తుందే. తాగుతున్న చప్పుడు వినిపిస్తుంది," అంది అక్క.

ఆ వెన్నను మళ్లీ కాగితంలో చుట్టేశాను.

ఇలాగే కారిపోతుంటే మనిషి దక్కదంది డాక్టరమ్మ. మళ్లీ కోయక్కర్లేదట. గజ్జలోని గ్రంథిలోకి సూదితో నూనెలాంటి మందు ఎక్కిస్తారట. అది పైకి పాకుతుంటే ఎక్స్‌రే తెర మీద చూస్తూ, పొట్ట గుండా సన్నటి గొట్టం నాళంలోకి పంపి, తీగచుట్టలూ జిగురూ పెట్టి చిల్లికి దారి మూసేస్తారట. మూయనివ్వనని అక్క మొండికేసింది.

"నువ్వు కూడా పోతే నాకెవరున్నారక్కా," అని భోరుమన్నాను. నేనేడవడం ఆవిడెప్పుడూ చూడలేదు. నా కళ్లు తుడిచి సరేనంది.

అంతా సవ్యంగా జరిగింది. పరీక్షకని ఈసారి డాక్టరమ్మే వెన్న రాసిన రొట్టె తినమంది. అక్క మెల్లగా తింది. ఇద్దరం ఆ సాయంత్రమంతా సంచినే చూస్తూ కూర్చున్నాం. తెల్లబడలేదు. నేను కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

"ఇంక దానికి ఆకలేస్తే?" అంది అక్క.