పడవలాయన గోడ

ఊర్హో నిస్కలాకి డెబ్బై ఒకటి. ఉత్తర మిషిగన్‌లో సరస్సు ఒడ్డున చెక్క పడవలు చేస్తాడు. పడవ సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతా సంగతులు చెప్పినా వినడు.

నవంబరు రాగానే చలికి పడవల షెడ్డులో జిగురు ఆరేది కాదు, వేళ్ళకి ఉలి నిలిచేది కాదు. తాళం వేసేసి, ఏప్రిల్ దాకా వంటింట్లో కూర్చుని భార్య లెంపీ చేసే ప్రతి పనికీ వంకలు పెట్టేవాడు. కిందటేడు డాక్టరు ఆయన వేళ్ళ కీళ్ళు చూసి, చేతుల్ని ఇలా నెలల తరబడి ఖాళీగా ఉంచితే పట్టు పూర్తిగా పోతుందన్నాడు. పట్టు పోతే ఇక పడవల్లేవు.

భయం వేసింది. షెడ్డులో ఇనప పొయ్యి పెట్టాడు. గోడలకి లోపల రెండో వరస చెక్క కొట్టి, నడుమ చలి ఆపడానికి రంపంపొట్టు కూరాడు. పొట్టుకి తడి తగలకుండా వేసే ప్లాస్టిక్ పట్టా మాత్రం పొట్టుకి బయటివైపు పరిచాడు.

"పట్టా లోపలివైపు కదయ్యా ఉండాల్సింది? మా నాన్న ఆవిరి స్నానం చేసే సౌనా గదికి రేకు లోపలే కొట్టాడు," అంది లెంపీ.

"నలభై ఏళ్ళుగా నీళ్ళని బయటే ఆపుతున్నవాణ్ణి నేను. నాకు నేర్పుతావా?"

పడవలాయన బుద్ధి మరి. నీళ్ళెప్పుడూ బయటినుంచే వస్తాయనుకుంటాడు.

పలకలకి ఆవిరి పట్టి వంచడానికి పొయ్యి మీద రోజంతా నీళ్ళు మరిగేవి. జనవరికల్లా ఆవిరంతా గోడలోకి దూరి, బయటి పట్టా దాటలేక పొట్టులోనే ఉండిపోయింది. ఓ రోజు పొయ్యి ఎర్రగా మండుతున్నా షెడ్డు వెచ్చబడలేదు. చెక్క ఊడదీసి చూస్తే పొట్టంతా మంచుగడ్డ. ఊర్హో అక్కడే చతికిలబడ్డాడు. రెండ్రోజులు ఆ గోడ ముందే కూర్చున్నాడు.

మూడో రోజు లెంపీ వంటింటి స్టూలు, ఒక గునపం పట్టుకుని షెడ్డుకి వచ్చింది. "జరుగు," అంది. ఇద్దరూ కలిసి గోడంతా విప్పి, తడి పొట్టు తోడి పోసి, పొడి పొట్టు నింపి, పట్టా లోపలివైపు బిగించేసరికి మూడు వారాలు పట్టింది. షెడ్డు వెచ్చబడింది.

"ఇంత కష్టపడ్డావు, నేనింట్లో ఉంటే నీకంత విసుగా?" అన్నాడు ఊర్హో, ఉలి నూరుకుంటూ.

"విసుగే. నేను పెళ్ళాడింది పడవలు చేసేవాణ్ణి. చలికాలం వస్తే చాలు, ఎవడో పరాయివాడొచ్చి నా వంటింట్లో కూర్చుంటాడు. వాడంటే నాకు పడదు."

ఊర్హోకి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. మర్నాడు మొదట ఆవిరి పట్టిన పలక పడవకి పోలేదు. షెడ్డులోనే ఉండిపోయిన లెంపీ స్టూలుకి వీపు ఆనించుకునే చెక్కయింది.