ఎవులు ముట్టుకున్నారట

మా పేట పెందుర్తికి అవతల, రైలు పట్టాల పక్కన ఉండేది. నాన్న పోర్టులో కలాసీ. ఆదివారం చర్చిలో అందరం దేవుని బిడ్డలమే. సోమవారం నుంచి మళ్లీ ఊరి నూతి దగ్గర, గట్టెక్కే హక్కు లేక, అమ్మ బిందె కింద పెట్టి, ఎడంగా నిలబడేది. రైతుల ఆడవాళ్లలో ఎవరికైనా జాలి కలిగితే చేదతో తోడి పైనుంచి పోసేవారు. చేద మా బిందెకు తగలకుండా జాగ్రత్తపడేవారు.

డెబ్భైల చివర్లో ఊరి పక్కన ఒక ఫ్యాక్టరీ వచ్చింది. దాని మురుగు పక్కనున్న గెడ్డ వాగులో కలిసి, అక్కడినుంచి నూతిలోకి ఊరింది. నీళ్లు తుప్పురంగుకు తిరిగాయి. పిల్లలకు ఒళ్లంతా పొక్కులు. చివరికి ఆఫీసర్లు జీపులో వచ్చి సీసాలతో నీళ్లు పట్టుకెళ్లారు. కొన్నాళ్లకు నూతి దగ్గర ఇంగ్లీషులో బోర్డు పెట్టారు.

అప్పుడు నేను విశాఖలో బి.ఎ. చదువుతున్నాను. మా పేటలో ఇంగ్లీషు వచ్చింది నాకే.

"ఏటి రాసినారే?" అని అమ్మ అడిగింది.

"కంటామినేటెడ్ అని. నీళ్లు సెడిపోనాయట, తాగకూడదట."

ఆ మాట నాకూ కొత్తే. మర్నాడు కాలేజీ లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీసి చూశాను. లాటిన్ నుంచి వచ్చిందట. వేరు దగ్గర దాని అర్థం ముట్టుకోవడం. ముట్టుకుని మైలపరచడం. సముద్రాల అవతల పుట్టిన మాటకు కూడా మా ఊరి బుద్ధే ఉందనిపించింది.

ఇంటికెళ్లి చెప్పాను. అమ్మ చేపలు తోముతూ తలెత్తకుండానే అడిగింది.

"ఎవులు ముట్టుకున్నారట?"

ఫ్యాక్టరీవాళ్లు ట్యాంకరుతో నీళ్లు పంపడం మొదలుపెట్టారు. అక్కడా ముందు రైతుల బిందెలు, తర్వాతే మావి. మా వంతు వచ్చేసరికి అడుగున మడ్డి నీళ్లే మిగిలేవి. ఒకరోజు ఇంట్లో నాన్నకు జ్వరం. అమ్మ ఆగలేదు. నేరుగా వెళ్లి, పైపు కింద నిండిన బిందెను పక్కకు జరిపి మాది పెట్టింది. ఆ బిందె తాలూకు ఆవిడ ఆ నీళ్లన్నీ నేలమీద పారబోసి, అక్కడే కూర్చుని మట్టితో బిందె తోమడం మొదలుపెట్టింది.

అమ్మ గొంతు పెంచకుండా అంది. "ఫేట్రీవోలు నుయ్యంతా పాడుసేసినారు. ఆల్లకి దండాలెట్టి నీళ్లు తెప్పించుకున్నారు. నాను బిందె జరిపితే తోముకుంతన్నారా అమ్మా?"

"అదేరు, ఇదేరు," అంది ఆవిడ, తోమడం ఆపకుండా.

తర్వాత భూములున్న ఇళ్ల కుర్రాళ్లకు ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగాలిచ్చి, నీళ్ల గురించి ఊరు లేవదీసిన గొడవ సద్దుమణిగేలా చేశారు. మాకు భూమి లేదు కాబట్టి మా ఊసు ఎవరూ ఎత్తలేదు. నూతిని పూడ్చేయాలని ఊరి పెద్దలు నిర్ణయించి, మట్టి వేయడానికి మా పేటవాళ్లను పిలిచారు. మావాళ్లు గట్టెక్కారు, గిలక విప్పారు, చేతాడు తెంపి లోపల పడేశారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అమ్మ కూడా గంపతో మట్టి మోసింది.

"కప్పీసినారా?" అని ఇంటి దగ్గర నాన్న అడిగాడు.

"ఊఁ," అని అమ్మ పొయ్యి వెలిగించడానికి వెళ్లిపోయింది.