అబూ హలీఫాలో నా ఈత

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, కువైట్‌లో నా అంత బాగా కారు తోలేవాడు లేడని. రెండోది, కోనసీమ కాలవల్లో పెరిగినవాడికి ఈత గురించి ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదని. మొదటి నమ్మకం వచ్చిన ఏడాదే పోయింది. రెండోదాన్ని పోగొట్టింది నడవలేని ఒక పాప.

ఎనభైల మొదట్లో మాట. నేను డ్రైవరుగా ఉన్న కంపెనీకి పెరూ దేశం నుంచి ఒక ఇంజనీరు కుటుంబంతో వచ్చాడు. ఆయన పొద్దున్నే సైటుకి పోతే, బ్నీద్ అల్ గార్ పేటలోని ఫ్లాటులో భార్యా, తొమ్మిదేళ్ళ కూతురూ మిగిలేవారు. పసితనంలో పోలియో వచ్చి పాపకి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. తొడల దాకా ఇనుప పట్టీలు, చంకల్లో కర్రలు. తల్లీకూతుళ్ళకి స్పానిష్ తప్ప మరో భాష రాదు. ఆ వీధి మొత్తంలో ఆ భాష తెలిసిన మనిషి లేడు. వాళ్ళని ఆసుపత్రికీ బజారుకీ తిప్పడం, పాపని కారులోంచి ఎత్తి దించడం నాకు అప్పగించారు. అక్కడి ఇళ్ళలో యజమానురాలిని పిలిచే అలవాటు ప్రకారం ఆవిడని 'మామా' అన్నాను. వాళ్ళ భాషలో అది అమ్మ అట. (మా ఊళ్ళో అది మేనమామకి చెల్లే మాట. ఆ సంగతి ఆవిడకి చెప్పే భాష నా దగ్గర లేకపోవడమే మంచిదైంది.) మీసాలున్న కొడుకుని చూసి ఆవిడ కాస్త బిత్తరపోయి, ఆనక నాకూ ఒక పళ్ళెం పెట్టడం మొదలుపెట్టింది.

ఒక శుక్రవారం ఆవిడ సముద్రం వైపు చూపించి, పాపని చూపించి, చేతులు ఆడించింది. గాలికి తీసుకెళ్ళమంటోంది కాబోలనుకున్నాను. ఆ బిల్డింగు కాపలాదారు రాయచోటి భాయి కూడా టీ ఫ్లాస్కుతో సహా కారెక్కాడు. అబూ హలీఫా ఒడ్డున ఆగగానే తల్లి ఆ పట్టీలు విప్పి, పాపని ఎత్తుకోమని నాకు సైగ చేసి, నీళ్ళకేసి చూపించింది.

"ఇదేందప్పా, ఆ బిడ్డను సముద్రం లోపలికి తీసకపొమ్మంటాండాదా?" అన్నాడు భాయి.

"కాళ్ళు తడిపి తెచ్చెయ్యమంటుందండీ భాయ్. నేనున్నాను కదా," అన్నాను.

పాపని చేతుల మీద మోస్తూ నడుం లోతు దాకా వెళ్ళాను. వెనకనుంచి తల్లి "పోకో ఆ పోకో" అంటోంది. మెల్లమెల్లగా వెళ్ళమని దాని అర్థమట. నాకు మాత్రం అచ్చమైన తెలుగులో 'పోకు, ఆఁ, పోకు' అని వినిపించింది. ఠక్కున ఆగిపోయాను. ఆ కుదుపుకి పాప నా చేతుల్లోంచి జారి నీళ్ళలో పడి, కనిపించకుండా పోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరాయి దేశంలో, పరాయి తల్లి ఎదుట, బిడ్డని సముద్రంలో పారేసుకున్నాను. వెనకా ముందూ చూడకుండా దూకేశాను. కాలవ నీళ్ళకి అలవాటుపడ్డ కళ్ళకి ఆ ఉప్పుతో ఏమీ కనపడదాయె. మోజుపడి కుట్టించుకున్న బెల్‌బాటమ్ ప్యాంటు నీళ్ళు నింపుకుని గోనెసంచుల్లా కిందికి లాగుతోంది. పాప కోసం తడుముకుంటూ పోయి పోయి, కాళ్ళకి నేల అందకుండా చేసుకున్నాను. రెండు గుక్కలు మింగాక, ఎవరో నా కాలరు పట్టుకున్నారు. చూస్తే పాప. వెల్లకిలా తేలుతూ, ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో నీళ్ళనీ లాగుతూ, నాకు నేల అందేదాకా తెచ్చి వదిలేసింది.

"మీ గోదారి ఈత ఇదేనా అప్పా?" అన్నాడు ఒడ్డునుంచి భాయి.

దగ్గు తగ్గాక తలెత్తి చూశాను. పాప మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. గదిలో ఒక మూలనుంచి ఇంకో మూలకి చేరడానికి చెమటలు కక్కే ఆ పిల్లేనా అనిపించింది. భుజాలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. ఆ రెండు కాళ్ళూ బరువన్నది లేకుండా, రిబ్బన్లలా వెనకే వస్తున్నాయి. తల్లి కంగారుపడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, కూతురు ఎటు పోతే అటు ఒడ్డు వెంబడి నడుస్తూ, నవ్వుతూ ఏడుస్తోంది. భాయి టీ పోసుకున్నాడుగానీ తాగలేదు.

"ఏమి ఈదుతాండాది..." అని మాత్రం అన్నాడు, మసీదులో మాట్లాడినంత మెల్లగా.

అప్పట్నుంచీ, వాళ్ళు దేశం తిరిగి వెళ్ళేదాకా శుక్రవారాలన్నీ అక్కడే. నడుం లోతు దాకా మోయడంతో నా పని ఖలాస్. మిగతాది నిలబడి చూడడమే.

ఇప్పుడు నా మోకాళ్ళు అరిగాయి. డాక్టరుగారు నీళ్ళలో నడవమన్నారని, మనవడి భుజం పట్టుకుని మా ఊరి కాలవలోకి దిగుతుంటాను. రేవులో ఆడవాళ్ళు "ఈ వయసులో ఈతేంటండీ" అని నవ్వుతారు. మెడ లోతుకి వెళ్ళేసరికి నొప్పి ఎటుపోతుందో, కాళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి. మనవడు గట్టెక్కమని పిలుస్తూనే ఉంటాడు. నేను వినపడనట్టు ఇంకాసేపు తేలుతుంటాను.