సూర్ చేపల బజారులో నన్ను ఆపిన పిన్నిగారు

పోయిన మంగళవారం పొద్దున్న ఇస్త్రీ చేస్తుండగా రాజోలు నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మ పోయిందండీ. కాఫీ తాగి, గుండె పట్టేసినట్టుందే అంది. ఆటో వచ్చేలోపే అయిపోయింది" అని పిన్నిగారి చిన్నమ్మాయి ఏడ్చింది. "ఆయ్... ఆయ్..." అంటూనే ఉన్నాను. దిండు గలీబు మాడిన వాసన వచ్చాక గాని నా చెయ్యి కదల్లేదు.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటగదిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి మేడమీదికి తిరుగుతున్నాను. మస్కట్ నుంచి రాజోలు ఉన్నపళంగా వెళ్ళే దూరం కాదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇంటర్ దాకా చదివిన చదువు ఇన్నాళ్ళకి ఇలా పనికొస్తోంది.

ఆవిడ నాకు చుట్టం కాదు. మాది అల్లవరం దగ్గర పల్లె. ఇక్కడ ఇద్దరు అరబ్బు అక్కచెల్లెళ్ళవి ఎదురెదురు ఇళ్ళు. అక్కగారింట్లో ఆవిడ వంటమనిషి, చెల్లెలిగారింట్లో నేను పనిమనిషిని. వచ్చిన మొదటి రోజు బట్టలారేస్తూ ఏడుస్తుంటే, "ఏ ఊరే మనది?" అని రోడ్డవతలినుంచి తెలుగు వినబడింది. చెప్పాను. "అయితే నన్ను పిన్నీ అను" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి పిన్నిగారే.

కూర రుచి ఎప్పుడూ అరచేతి వెనక వేసుకుని చూసేవారు. ఇక్కడివాళ్ళు వాడే నల్లటి ఎండు నిమ్మకాయని మన పప్పులో వేసి, "చింతపండు ఎవరికి కావాలే?" అనేవారు. కోపమొస్తే తోమిన గిన్నెలే మళ్ళీ తోమేవారు. నేను విసుక్కుంటే మాత్రం ఒకటే మాట: "కోపంలో గుమ్మం దాటకే. అన్నం తిను. అప్పటికీ దాటాలనిపిస్తే చూద్దాం."

నేను వచ్చేటప్పటికి నా కూతురికి రెండేళ్ళు. రెండేళ్ళకి సెలవిస్తామన్నారు. గడువు వచ్చింది, వెళ్ళింది. పండగ వెళ్ళనీ అన్నారు, తర్వాత పిల్లల పరీక్షలన్నారు. ఒకరోజు వీడియోలో నా కూతురు మా వదిన కొంగు చాటున దాక్కుని నన్ను "ఆంటీ" అంది. ఆ తర్వాత నాకు అన్నం సహించలేదు. సూపర్ మార్కెట్లో పరిచయమైన ఒకావిడ, "బయటికొచ్చెయ్, బయట పని చూపిస్తాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి పంపించేస్తాం" అంది. నమ్మాను. ఆవిడ మరిది సూర్‌లో ఉంటాడట. మేం పనిచేసే రెండు కుటుంబాలూ మమ్మల్ని తీసుకుని శుక్ర, శనివారాలు ఆ ఊరే వెళ్తున్నాయి. శనివారం పొద్దున్న చేపల బజారు దగ్గర తెల్లకారు ఉంటుందని చెప్పింది.

సూర్ చిన్న ఊరు. సముద్రం ఒడ్డున కర్ర పడవలు, తెల్లటి ఇళ్ళు. దారంతా ఎడమవైపు సముద్రమే ఉన్నా నేను చూసింది లేదు. శుక్రవారమంతా పిల్లలు నీళ్ళలో ఆడుతుంటే తువ్వాళ్ళు పట్టుకుని నిలబడి, ఏ సందు ఎటు పోతుందో చూసుకున్నాను.

శనివారం మేమిద్దరం చేపలకి వెళ్ళాం. తెల్లకారు చెప్పినచోటే ఉంది.

"చేపలకి బుట్ట ఉందిగా. బట్టల సంచీ ఎందుకే?" అన్నారు పిన్నిగారు.

"ఊరికేనండీ."

"ఆ కారతను నీకోసమేనా?"

సంచీ వెనక్కి పెట్టుకున్నాను.

"నేను అరవను. వెళ్తే వెళ్ళు. ఒక్కటి విని వెళ్ళు. నేను మొదట పనిచేసింది ఈ ఊళ్ళోనే. ఇలాగే పారిపోయేను. అదిగో, ఆ మసీదు వెనక సందులో ఒక చేపలావిడ దాచింది. చేతిలో కాగితం లేదు, పోలీసులంటే భయం. ఎనిమిది నెలలు పగలు వీధి మొహం చూడలేదే. అందులోనే మా అమ్మ పోయింది. నాకు కబురందేసరికి మూడు నెలలైపోయింది." బుట్ట రెండో చేతికి మార్చుకున్నారు. "దాక్కున్న మనిషికి ఎవరు కబురు చేస్తారు చెప్పు?"

కారతను రెండుసార్లు హారన్ కొట్టాడు. దిగి, రమ్మని చెయ్యూపాడు. పిన్నిగారు నా చెయ్యి పట్టుకోలేదు. అటు తిరిగి చేపలు చూస్తూ నిలబడ్డారు. నేను కారు వైపు నాలుగడుగులు వేసిన మాట నిజం. అక్కడ ఆగిపోయి, రానని తలూపాను. అతను తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

వెనక్కొచ్చాను. పిన్నిగారు ఒక చేప మొప్ప విప్పి చూసి, "ఇది తాజాది కాదు, పద" అన్నారు.

మధ్యాహ్నం చేప చేసిన తడిచేతులతోనే ఆవిడ ముందుగదిలోకి వెళ్ళి ఇద్దరు మేడమ్‌లతో అరబ్బీలో మాట్లాడారు. నాకు సగమే అర్థమైంది. మా మేడమ్ గొంతు పెంచి, పనెవరు చేస్తారని అడిగింది. పిన్నిగారు తన గుండెల మీద చెయ్యి పెట్టుకున్నారు. పది రోజుల్లో నేను విమానమెక్కాను.

పిన్నిగారిచ్చిన ఖర్జూరాల పొట్లం పట్టుకుని వాళ్ళ చిన్నమ్మాయి ఇంటికి రాజోలు వెళ్ళాను. నిండు నెలలతో తలుపు తీసింది. నా భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"అమ్మ ఏదండీ? నా పురుడికి సెలవు దొరికింది, ఈ నెల్లో వచ్చేస్తానంది కదా?"

ఆ సెలవు నాదైపోయిందని ఏ నోటితో చెప్పను? చెప్పాను. ఆ అమ్మాయి పొట్లం తీసుకుని లోపలికెళ్ళిపోయింది. మూడోవారంలో ఆడపిల్ల పుట్టింది. పిన్నిగారితో మాత్రం ఆ అమ్మాయి ఏడాది మాట్లాడలేదు.

మా ఇంట్లో నా కూతురు నాలుగు రోజులు నా దగ్గరికి రాలేదు. అయిదో రోజు దువ్వెన తెచ్చి నా ఒళ్ళో పెట్టి, వెనక్కి తిరిగి కూర్చుంది.

నలభై రోజులకి తిరిగొచ్చి, "ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను.

"చెప్తే వెళ్దువా?" అన్నారు పిన్నిగారు, బియ్యం ఏరుతూ.

రెండేళ్ళ కిందట ఆవిడ పని మానేసి వెళ్ళిపోయారు. మనవరాలిని బడికి దింపి తెచ్చేది ఆవిడేనట. కూతురి కోపం ఎప్పుడు తీరిందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొన్న ఫోన్లో ఆ అమ్మాయే అంది: "మిమ్మల్ని తరచూ తలుచుకునేదండీ." నన్ను తిట్టినా ఇంత అలజడి ఉండేది కాదేమో.

మీలో ఎవరికైనా ఇలాంటి పిన్నిగారు ఉంటే, ఆవిడ చేసిన మేలు బతికుండగానే ఆవిడతో ఒకసారి చెప్పండి. నేను చెప్పలేదు.

కళ్ళు మూసుకుంటే నేను సెలవు మీద బయల్దేరిన రోజే కనిపిస్తోంది. కారు మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. చెయ్యి ఊపుతుంటారనుకున్నాను. ఈ ఇంట్లోంచి పిల్ల ఏడుస్తోంది, ఆ ఇంట్లోంచి ఎవరో కేకేస్తున్నారు. పిన్నిగారు ఎర్రటి ఎండలో, చేతులు గౌనుకి తుడుచుకుంటూ, ముందు ఎటు వెళ్ళాలో తెలియనట్టు నడిరోడ్డు మీద నిలబడి ఉన్నారు.