కుర్చీ జరపని రోజులు

డిసెంబరులో మధ్యాహ్నపు నీడ రోజురోజుకూ పెరిగి, ఏడాదిలోకెల్లా చిన్న పగలు ఉన్న రోజున అన్నిటికంటే పొడవుగా పడుతుందని చదివాను. ఇంకేం, తుక్కుగూడలోని మా మిద్దె మీద పూలకుండీలో కర్ర పాతాను. రోజూ పన్నెండుంబావుకు నీడ కొసన సుద్దముక్కతో గీత గీసేదాన్ని. పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగే విమానాల నీడలు నా గీతల్ని తొక్కుకుంటూ పోయేవి. వాటినీ ఓర్చుకున్నాను.

మూడు వారాలు గీతలు చక్కగా ముందుకు జరిగాయి. తీరా ఆ రోజు దగ్గరపడేసరికి నాలుగు రోజులుగా గీత మీదే గీత. కుండీని ఎవరో కదిలించారనుకున్నాను. పగలు ఇంట్లో ఉండేది నేనూ మా అత్తమ్మా. ఆ ఎవరో ఎవరో వేరే చెప్పాలా?

విసవిసా కిందికి దిగాను. దక్షిణపు గుమ్మంలోంచి పడే ఎండలో కాళ్లు చాపుకుని కుర్చీలో కూర్చుని ఉందామె.

"అత్తమ్మా, పైన నా కుండీ జరిపినవా?"

"నీ కుండీ జోలికి నేనెందుకు పోత? నా కుర్చీనే నాలుగు దినాల సంది జరపలే. దీపావళి సంది ఎండ దినాం జరంత లోపలికి వస్తుండె, నేను దానెంబడి జరుగుతుంటి. ఇగ ఆగింది. కొన్ని దినాలు గిట్లనే ఉండి, మల్ల ఎనుకకు మర్లుతది. ఏటా గంతే గదా! నీ పుస్తకంల రాయలేదా?"

రాసే ఉంది. సగం చదివి కర్ర పాతింది నేనే.

వంగి, ఆమె కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దగీతలు గీశాను.

అత్తమ్మ తొంగి చూసింది. "గీసుడైతే గీసినవ్. బండలు తుడిచేదెవ్వరు?"