అడిగిందల్లా చెప్పే ప్రోగ్రాం

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నా డిగ్రీకి నేనే గొయ్యి ఎలా తవ్వుకున్నానో చెబుతాను. విన్నవాళ్లంతా నవ్వుతారు. నాకు మాత్రం చెప్పిన ప్రతిసారీ నీరసమే వస్తుంది.

ఎనభైల చివర, వరంగల్‌లో. ఆబ్జెక్టులతో ప్రోగ్రాం రాయడం అప్పుడే వచ్చిన కొత్త మోజు. ప్రాజెక్టు కోసం మా డిపార్ట్‌మెంటు సార్లలో ఒక్కొక్కరినీ ఒక్కో ఆబ్జెక్టు చేశాను. పేరు, సబ్జెక్టు, గది నంబరు వాళ్ల లక్షణాలు. ఏది కావాలో ముందే రాసిపెట్టనక్కర్లేదు. ప్రోగ్రాం నడుస్తుండగా ఆ లక్షణం పేరు టైపు చేస్తే అదే వెతికి చెబుతుంది. పరీక్షించి చూడ్డానికి సరదాగా ఇంకోటి చేర్చాను: హాస్టల్లో సార్లను పిలుచుకునే నిక్‌నేములు. తర్వాత తీసేయడానికి బద్ధకం. ఆ మాట టైపు చేయాలని ఎవరికి తోస్తుందిలే అనుకున్నాను. చూడండి నా తెలివి!

వైవా రోజు వచ్చింది. అది పాసైతేనే డిగ్రీ. ఎదురుగా హెడ్ సార్, పక్కన పరీక్షకుడిగా వేరే ఊరి నుంచి వచ్చిన హెడ్ సార్ పాత శిష్యుడు.

"ఏమేం అడగొచ్చునో మాకెట్ల తెలుస్తదయా?" అన్నారు హెడ్ సార్.

"క్వశ్చన్ మార్క్ కొట్టుండ్రి సార్, ఉన్నయన్నీ అదే చూపిస్తది!" అన్నాను గొప్పగా.

కొట్టారు. పేరు, సబ్జెక్టు, గది, నిక్‌నేము. దాచుకోవడం దానికి నేను నేర్పలేదు మరి.

"నిక్‌నేమా? గిదేంది?"

"టెస్టింగ్ కోసం సార్... అది వద్దు సార్..."

"ఆగవయా!"

లెక్కల సార్‌ది అడిగారు. "కందిరీగ" అని వచ్చింది. హెడ్ సార్ కడుపు పట్టుకుని నవ్వారు. ఎప్పుడూ ల్యాబుకు తాళమేసి పోయే సార్‌ది అడిగారు. "తాళంకప్ప". ఈసారి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"అబ్బ, సరిగ్గ పెట్టిండ్రు పోరగాండ్లు!"

రోజుకు నాలుగుసార్లు పోయే కరెంటు ఆ రోజు పోతే ఒట్టు.

"జర మీది గూడ చూద్దాం సార్," అన్నాడు పరీక్షకుడు.

తెర మీద "నిద్రమాత్ర" అని వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. అయిపోయింది, ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. హెడ్ సార్ నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"నువ్వు పెట్టినవా ఇది?"

నేను తెరకు అడ్డంగా జరిగాను.

"పాపం, పిలగాడు కాదు సార్," పరీక్షకుడు తల వంచుకున్నాడు. "మా బ్యాచే పెట్టింది."

పాసయ్యాను. ఆ సాయంత్రమే కీబోర్డు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ ప్రోగ్రాంకూ నాకున్నదానికన్నా ఎక్కువ నిజాయితీ నేర్పను.